లుంగీ: రేవులు దాటిన ఒక మాట

పూండి రైల్వే స్టేషనులో తెల్లవారుజామున బండి కోసం ఎదురుచూసేవారిని ఒకసారి గమనించండి. పలాస జీడి పరిశ్రమల్లో పనికి వెళ్లేవారు, నౌపడాలో దిగి టెక్కలి పోయేవారు, ఒడ్డున ఉన్న ఊళ్ల నుంచి చేపల తట్టలతో వచ్చినవారు. ప్యాంటు వేసుకున్న కుర్రవాళ్లను పక్కన పెడితే, నడివయసు దాటిన మగవాళ్లలో చాలామంది నడుముకు గళ్ల లుంగీ ఉంటుంది. అది మనకు ఎంత అలవాటైన దృశ్యమంటే, దానికి కూడా ఒక చరిత్ర ఉంటుందని తోచదు.

గత పాఠాల్లో శాసనాలు, నాణేలు, కైఫీయతులు, ప్రభుత్వ రికార్డులు చరిత్ర రచనకు ఎలా ఆధారాలవుతాయో చదివారు. ఈ పాఠంలో మన ఆధారం ఒక మాట. మాటను ఆధారంగా తీసుకోవడంలో ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. అక్షరం రాని మనిషి కూడా తన వెనక మాటను వదిలి వెళతాడు, ఇది లాభం. మాట తాను ఎక్కడ పుట్టిందో సూటిగా చెప్పదు, ఎక్కువసార్లు చివరిగా ఏ రేవులో దిగిందో మాత్రమే చెబుతుంది, ఇది ప్రమాదం. లుంగీ అనే మాట వెంట నడుస్తూ ఈ రెండింటినీ పరిశీలిద్దాం.

స్నానశాల నుంచి తలపాగా దాకా

ఫారసీలో 'లుంగ్' అనే మాట ఉంది. ఇరాన్‌లో ఇప్పుడు దాన్ని 'లొంగ్' అని పలుకుతారు. హమామ్‌లో, అంటే ఊరుమ్మడి స్నానశాలలో, మగవాళ్లు నడుముకు చుట్టుకునే నూలు గుడ్డ పేరది. సాధారణంగా ఎర్ర గళ్లతో ఉంటుంది. కసరత్తు చేసే జూర్‌ఖానాల్లో కూడా దాన్ని కట్టేవారు. ఫారసీలో నేటికీ 'లుంగు పడవేయడం' అంటే ఓటమి ఒప్పుకోవడం. మనం 'చేతులెత్తేశాడు' అన్నట్టు. ఒక గుడ్డ పేరు జాతీయంలోకి ఎక్కిందంటే అది జనం నోట ఎంతగా నానిందో ఊహించుకోండి.

ఈ మాట తూర్పుకు వచ్చి హిందుస్తానీలో 'లుంగీ' అయింది. ఇక్కడి నుంచి దాని అర్థం ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి. పష్తో మాట్లాడేవారిలో లుంగీ నడుముది కాదు, తలది. అది తలపాగా, అందులోనూ పరువుగల తలపాగా. బ్రిటిష్ ప్రభుత్వం వాయవ్య సరిహద్దు తెగల పెద్దలకు ఇచ్చిన ఒక రకం భత్యానికి 'లుంగీ' అనే పేరు వచ్చింది ఇందుకే. సింధులోని ఠట్టా పట్టణం పట్టు లుంగీలకు పేరు పొందింది. అవి సామాన్యుడు పొలం గట్టున కట్టుకునేవి కావు. నేపాల్‌లో లుంగీ స్త్రీలు కట్టే వస్త్రం. మన దగ్గర అది మగవాడు ఇంటిపట్టున కట్టుకునే గుడ్డ. ఉద్యోగానికి కట్టుకుపోతే అధికారి చిరాకుపడతాడు.

నడుము, తల, మగ, ఆడ, పరువు, చనువు అన్నీ మారాయి. మారనిదల్లా ఒక్కటే: ఒంటికి చుట్టుకునే ఒక కొలత గుడ్డ. భాషాశాస్త్రంలో మీరు చదివే అర్థవ్యాకోచం, అర్థసంకోచం అనేవి పుస్తకంలో పొడిగా కనిపిస్తాయి కానీ, ఇలా ఒక గుడ్డ మీద పెట్టి చూస్తే సులభంగా తెలుస్తాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఏటా ఒకరిద్దరు విద్యార్థులు తమ అసైన్‌మెంట్లలో లుంగీ, లంగా, లంగోటా మూడూ ఒకే మాట నుంచి పుట్టాయని రాస్తుంటారు. చూడటానికి అలాగే ఉన్నాయి. కానీ మన లంగా హిందీ 'లహంగా'కు దగ్గర బంధువు. లంగోటాను పండితులు సంస్కృతంలోని 'లింగ', 'పట్ట' అనే మాటల కలయికతో ముడిపెట్టారు. లుంగీ ఫారసీ వైపు నుంచి వచ్చింది. మూడూ నడుము కిందివే, మూడింటిలోనూ ల, గ ఉన్నాయి. అయినా చుట్టాలు కావు. ధ్వనిసామ్యం ఒక్కటే చూసి చుట్టరికం కలపడాన్ని లోకనిరుక్తి అంటాం. అది సరదాగా ఉంటుంది, చరిత్ర మాత్రం కాదు.

గుడ్డ పాతది, మాట కొత్తది

మాట బయటి నుంచి వచ్చింది కాబట్టి అలా కట్టుకునే అలవాటు కూడా బయటి నుంచే వచ్చిందనుకోవడం రెండో పొరపాటు. అమరావతి శిల్పాల్లోని మగవాళ్లను చూడండి. నడుముకు చుట్టిన కుట్టులేని గుడ్డ, ముందు జారిన కుచ్చిళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. సంస్కృతంలో దానికి అంతరీయమనీ, పై గుడ్డకు ఉత్తరీయమనీ పేర్లు. ఫారసీ మాట ఈ నేల మీదికి రాకముందే ఇక్కడ నడుముకు గుడ్డ చుట్టుకున్నారు. దానికి మనకు పంచె ఉంది, ధోవతి ఉంది. మరి ఇంకొక మాట అవసరమెందుకు వచ్చింది?

నా అభిప్రాయంలో, వస్తువులో తేడా ఉంది కనుక. పంచె తెల్లగా ఉంటుంది, అంచు ఉంటుంది, పొడవు ఎక్కువ, గోచీ పోసి కట్టవచ్చు. లుంగీ రంగుది, గళ్లది, పొట్టిది. రెండు కొసలూ కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. పంచెతో పెళ్లికి వెళతారు, లుంగీతో వెళ్లరు. ఇంట్లో ఇదివరకే ఉన్న వస్తువుకు పరాయి పేరు అంత తేలిగ్గా అంటుకోదు. కొత్త తేడాతో వచ్చిన వస్తువే తన పేరును వెంట తెచ్చుకుంటుంది. చొక్కాకు పెట్టే బొత్తాం పోర్చుగీసు మాట. దాన్ని నలగకుండా చేసే ఇస్త్రీ కూడా అక్కడిదే. పైజామా ఫారసీ. 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే దుస్తు. ఈ పైజామా ఇంగ్లీషులోకి, ఫ్రెంచిలోకి, స్పానిష్‌లోకి, జపనీస్‌లోకి కూడా వెళ్లి, చాలాచోట్ల రాత్రి నిద్రకు వేసుకునే దుస్తుగా కుదించుకుపోయింది.

ఫారసీ మాటలు మన ప్రాంతానికి ఎలా చేరాయన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం ఒక పాలనాకేంద్రం. ఫౌజుదారులు అక్కడ ఉండేవారు. కచేరీ, దస్తావేజు, జమీందారు వంటి మాటలు ఆ దారిన వచ్చినవే. వీటిని మన వ్యాకర్తలు అన్యదేశ్యాలన్నారు. లుంగీని కూడా ఆ పట్టికలో చేర్చి పాఠం ముగించవచ్చు. చాలా పుస్తకాలు చేసేది అదే. కానీ కచేరీ మాట కచేరీ ద్వారా వస్తుంది, దస్తావేజు కరణంగారి చేతి మీదుగా వస్తుంది. కూలివాడి నడుము మీది గుడ్డ పేరు కూడా దర్బారు దారినే వచ్చిందనడానికి మరికొంత ఆలోచించాలి. మన ముందు సముద్రం ఉంది. ఆ దారి కూడా చూడాలి.

రేవు పేరే గుడ్డ పేరు

సముద్రం మీద గుడ్డలకు పేర్లు ఎలా పెట్టేవారో చెప్పడానికి రెండు ఉదాహరణలు తీసుకుంటాను. మొదటిది పులికాట్. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, ఊరు తమిళనాడులో ఉంది. అక్కడివారికి అది పళవేర్కాడు. డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. కోరమండల్ తీరంలో నేసిన గుడ్డలను కొని తూర్పు దీవులకు పట్టుకెళ్లి, వాటితో సుగంధద్రవ్యాలు కొనేవారు. మలయా ప్రజలు నేటికీ గళ్ల సారంగును 'కాయిన్ పెలికాట్' అంటారు. కాయిన్ అంటే గుడ్డ, పెలికాట్ అంటే పులికాట్. ఇండోనేషియాలో అది 'పలేకాట్'. మన లుంగీని ఒక మలయా ముసలాయన ముందు పెడితే ఆయన దానికి మన తీరంలోని ఒక ఊరి పేరు చెబుతాడు. మనమేమో దానికి ఇరాన్ పేరు పెట్టుకున్నాం! ఇంగ్లండుకు 'పులికాట్' పేరుతో వెళ్లినవి గళ్ల చేతిరుమాళ్లు. వాటిని చూసి స్కాట్లాండ్‌లో సాలెలు అదే పేరుతో నేయడం మొదలుపెట్టారు.

రెండోది పూర్తిగా తెలుగు నేల మీదిది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి అక్కడ వర్తకస్థానం ఉండేది. కంపెనీవారి నాలుకకు అది 'మడపొల్లం' అయింది. అక్కడి నుంచి ఓడకెక్కిన మెత్తటి నూలు గుడ్డకూ అదే పేరు పడింది. ఫ్రెంచిలో మదపోలామ్, స్పానిష్‌లో మదపోలాన్, పోర్చుగీసులో మదపోలావ్, రష్యన్‌లో మదపొలామ్. తరవాత మాంచెస్టరు మిల్లులు కూడా ఆ రకం గుడ్డ నేసి, పేరు అలాగే ఉంచుకున్నాయి. గుడ్డ మనది కాకుండా పోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఈ రెంటిలోనూ ఒక సంగతి పోల్చుకున్నారా? గుడ్డ నేసింది లోపలి ఊళ్లలో. పేరు పడింది రేవుది. కొనేవాడికి మగ్గం కనిపించదు, ఓడ దిగిన మూట కనిపిస్తుంది. ఆ మూట ఏ రేవు నుంచి వచ్చిందో అదే దాని ఇంటిపేరు. నేసినవాడి ఊరు, కులం, పేరు ఏవీ మాటలోకి ఎక్కవు.

మనుషులకూ ఇదే జరిగింది. బర్మాలో తెలుగువారిని 'కోరంగీ'లని పిలిచేవారు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీసింది. రేవు పడిపోయినా పేరు రంగూన్‌లో బతికింది. కోరంగిని కళ్లతో చూడని ఉద్దానం మనిషి కూడా బర్మాలో ఓడ దిగగానే కోరంగీ అయ్యాడు. పైగా ఆ పిలుపులో గౌరవం లేదు.

రంగం

మన తీరంలో పెద్దవాళ్లు రంగూన్ అనరు, 'రంగం' అంటారు. 1852 యుద్ధంతో రంగూన్ బ్రిటిష్‌వారి చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా దగ్గరైంది. వడ్లు దంచే మిల్లులకు, ఓడల్లో బస్తాలు ఎత్తడానికి, కలప కోతకు, రిక్షా లాగడానికి మనుషులు కావలసి వచ్చారు. మేస్త్రీలు ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని కట్టుకునేవారు (మేస్త్రీ అన్నదీ పోర్చుగీసు మాటే). బారువ, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి స్టీమర్లు వెళ్లేవి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు ఉంటే, అందులో తెలుగువారు లక్షన్నర దాటారు. ఈ విషయం మీద రికార్డులు వెతకాలనుకునేవారికి ఒక సూచన: 1936 దాకా టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. శ్రీకాకుళం పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

బర్మాలో వీరు చూసిందేమిటి? అక్కడి మగవాళ్లు మొదట కట్టినది 'పసో' అనే చాలా పొడవైన గుడ్డ. బ్రిటిష్ పాలనాకాలంలో దాని స్థానంలోకి పొట్టిది, గొట్టంలా కుట్టినది వచ్చింది. దాని పేరు బర్మీస్‌లో 'లోంజీ'. మన లుంగీయే, గకారం జకారంగా వినిపిస్తుంది. రాసేటప్పుడు బర్మీయులు దాన్ని తమ మాటలతోనే రాస్తారు. మొదటి భాగం భద్రంగా కప్పి ఉండటాన్నీ, రెండో భాగం నూలునూ కట్టడాన్నీ సూచించేలా ఉంటుంది. అందువల్ల అది అచ్చమైన బర్మీస్ మాటలాగే కనిపిస్తుంది. లోకనిరుక్తి మన విద్యార్థుల సొత్తే కాదన్నమాట.

తరవాత జరిగింది ఇంకా విచిత్రం. 1920ల నుంచి బర్మా జాతీయవాదులు విదేశీ వస్త్రాలను బహిష్కరించి, యో ప్రాంతంలో నేసిన లోంజీని, 'పిన్ని' అనే చేనేత గుడ్డతో కుట్టిన పైచొక్కాను జాతీయతకు గుర్తుగా వేసుకున్నారు. (మన పిన్నికీ దీనికీ సంబంధం లేదు, హెచ్చరిక గుర్తుంది కదా.) ఇరాన్ స్నానశాలలో పుట్టిన పేరు బర్మాలో స్వదేశీ వస్త్రానికి పేరయింది. ఆ జాతీయవాదానికి రెండో ముఖం కూడా ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీస్ కూలీలకూ పని విషయంలో వచ్చిన తగాదా పెద్ద మారణకాండగా మారింది. కొట్టినవాడి నడుము మీదా, దెబ్బతిన్నవాడి నడుము మీదా ఉన్న గుడ్డకు పేరు దాదాపు ఒకటే.

'కాబట్టి బర్మావారికి లుంగీ నేర్పింది మన తెలుగువారే' అని రాయాలని మీకు అనిపించవచ్చు. ఆ వాక్యానికి నేను మార్కులు వేయలేను. రంగూన్‌లో చిట్టగాంగ్ నావికులు, బెంగాలీలు, తమిళ ముస్లిం వర్తకులు, సూరత్ వ్యాపారులు అందరూ ఉన్నారు. అందరి నోటా ఈ మాట ఉంది. ఎవరిని చూసి ఎవరు పలికారో మాట చెప్పదు. మాట ఒక రేవులో దిగిందని చెప్పవచ్చు. మోసుకొచ్చిన భుజం ఏదో చెప్పాలంటే వేరే సాక్ష్యం కావాలి.

ఇంట్లో ఉన్న సాక్షి

జపాన్ విమానాలు 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తరవాతి నెలల్లో లక్షలాది భారతీయులు బర్మా వదిలారు. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడిచి వచ్చారు. దారిలో ఆకలితో, కలరాతో, మలేరియాతో చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. మిగిలినవారిలో చాలామంది 1962 సైనిక పాలన తరవాత, 1964లో వ్యాపారాలను జాతీయం చేశాక తిరిగి రావలసి వచ్చింది.

మా తాత 1942లో నడిచి వచ్చినవారిలో ఒకడు. మా ఊరు పూండికి దగ్గరే, జీడితోటల మధ్య. నా చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని 'నా లోంజీ అట్టుకురా' అనేవాడు. మేం పిల్లలం నవ్వేవాళ్లం. పళ్లు ఊడిపోయి గకారం పలకడం రావడం లేదనుకునేవాళ్లం. ఒకసారి నేను ఆయన్ను సరిదిద్దాను కూడా. 'లుంగీ అనాలి తాతా' అని. ఆయన ఏమీ అనలేదు.

చాలా ఏళ్లకు, తీరవర్తకం మీద నా పరిశోధన సాగుతున్నప్పుడు, బర్మీస్ ఉచ్చారణ మొదటిసారి తెలిసింది. పళ్ల తప్పు కాదు. ఫారసీ నుంచి నేలదారిన వచ్చిన మాటలో 'గీ' ఉంటుంది. సముద్రం మీద బర్మా నుంచి తిరిగి వచ్చిన మాటలో 'జీ' ఉంటుంది. మా ఇంట్లో ఒకే గుడ్డకు రెండు దారుల్లో వచ్చిన రెండు ఉచ్చారణలు పక్కపక్కనే బతికాయి. ఒకటి బడిలో నేర్చుకున్న నాది, రెండోది పదిహేనేళ్లు రంగంలో బస్తాలు మోసిన ఆయనది. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. రికార్డుల కోసం మద్రాసు దాకా వెళ్లిన నేను అరుగు మీది మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన తోటివారు ఏమనేవారు? ఆడవాళ్లు ఏమనేవారు? రంగం నుంచి తెచ్చుకున్నదానినే అలా పిలిచేవారా, పలాస సంతలో కొన్నదానిని కూడానా? తెలియదు. ఒక్క మనిషి పలుకు మీద సిద్ధాంతం కట్టకూడదని మీకు చెప్పే నేనే ఈ ఒక్క పలుకును ఇన్నేళ్లుగా దాచుకున్నాను.

కూలీల మీద ఆనాటి ప్రభుత్వం రాసినది తక్కువేమీ కాదు. ఎందరు ఓడెక్కారు, ఎంత కూలి, ఎంత అప్పు అన్నీ లెక్క కట్టారు. 1933లో వచ్చిన ఆండ్రూ పుస్తకం 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' ఈ తరహాలో ముఖ్యమైనది, తప్పక చదవండి. అయితే రంగం వెళ్లినవాడు తన చిన్న పెట్టెలో ఏం పెట్టుకుని తిరిగి వచ్చాడు, దానిని ఏమని పిలిచాడు అన్నది లెక్కల పుస్తకంలో వెతికేది కాదు. అది ఇళ్లలో ఉంటుంది, అదీ కొద్దికాలమే. 1964లో పదేళ్ల పిల్లలుగా వచ్చినవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి.

మీలో వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చినవారు కాంటాక్టు తరగతికి ముందే ఈ పని చేయండి. రంగంతో సంబంధం ఉన్న ఇల్లు ఒకటి వెతకండి. ముందుగా లుంగీ అనే మాట మీ నోటి నుంచి రానివ్వవద్దు. వస్తే ఎదుటివారు అదే మాట తిరిగి చెబుతారు. గుడ్డను చూపించి 'తాతా, దీన్నేటంటారు?' అని అడగండి. చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి. గకారమా, జకారమా, మొదటి అక్షరంలో ఉకారమా, ఓకారమా చెవిపెట్టి వినండి, మీరు దిద్దవద్దు. ఆడవాళ్లను వేరుగా అడగండి. కుట్టినదానికీ కుట్టనిదానికీ ఒకే పేరా, వేరువేరా కనుక్కోండి. ఏ సంవత్సరంలో వచ్చారని అడిగితే చాలామంది చెప్పలేరు. ఏ తుపానుకు ముందు, ఎవరి పెళ్లి తరవాత అని అడగండి.